చాంగాన్ గోడ నుంచి చువాన్‌జౌ స్తంభాల దాకా

ఉద్యోగరీత్యా 2010 తరువాత కొన్నేళ్ల పాటు నేను చైనాలోని షియాన్ నగరంలో నివసించాను. హాన్, తాంగ్ వంశాల నాటి చాంగాన్ నగరం ఇదే. పట్టుదారి మీద పడమటికి బయలుదేరిన ఒంటెల బిడారులకు ఇదే తొలి మజిలీ. సెలవులు కలిసి వచ్చినప్పుడల్లా అక్కడి నుంచి రైలెక్కి లోయాంగ్‌కు, చెంగ్డుకు, ఒకసారి ఆగ్నేయ తీరాన ఉన్న చువాన్‌జౌకు కూడా వెళ్లాను. ఇన్నేళ్ల తరువాత ఆ తిరుగుళ్లను నెమరువేసుకుంటున్నప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. చైనా అంటే గోడ కట్టుకుని తన లోపల తాను కూర్చున్న దేశమని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. నేను చూసిన నగరాలు అలా లేవు. వాటి గుళ్లలో, వంటల్లో, రాళ్లలో దూరదేశాల మనుషుల చేతి గుర్తులు అడుగడుగునా ఉన్నాయి, ఆ గుర్తుల్లో మనవి కూడా ఉన్నాయి.

షియాన్‌కు ఎవరు వచ్చినా మొదట ఎక్కేది కోటగోడ. ఇప్పుడు నిలిచి ఉన్నది తాంగ్ కాలపు గోడ కాదు, మింగ్ వంశపు తొలి రోజుల్లో, 1370లలో కట్టినది. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైభాగం వెడల్పు కూడా ఇంచుమించు అంతే. దక్షిణ ద్వారం దగ్గర అద్దెకిచ్చే సైకిల్ తీసుకుని ఆదివారం సాయంత్రాలు గోడ మీద తిరగడం నాకు అలవాటుగా ఉండేది. ఒకవైపు బూడిదరంగు పెంకుల పాత ఇళ్లు, మరోవైపు అద్దాల మేడలు, మధ్యలో ఎగుడుదిగుడు ఇటుకల మీద చక్రాల చప్పుడు. ఇంత పెద్ద గోడ లోపలి ఊరు కూడా ఆనాటి చాంగాన్‌లో ఏడో వంతు మాత్రమేనని తెలిసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. తాంగ్ రాజధాని విస్తీర్ణం 84 చదరపు కిలోమీటర్లు. గీతలు గీసినట్టు వీధులు, వాటి మధ్య గోడలు కట్టిన పేటలు, తూర్పున ఒక అంగడి, పడమర ఒక అంగడి ఉండేవి. పడమటి అంగడిలో పర్షియన్లు, సోగ్డియా వర్తకులు, మధ్య ఆసియా సంగీతకారులు, ద్రాక్షసారాయి అమ్మేవాళ్లు కాపురముండేవారు. నేనున్న రోజుల్లోనే, 2011లో, ఆ ఊరికి మొదటి మెట్రో వచ్చింది. సొరంగం తవ్వుతుంటే పాత సమాధులు బయటపడ్డాయని, పురావస్తు శాఖ వాళ్లు వచ్చి చూసేదాకా పని ముందుకు సాగలేదని ఆఫీసులో తరచుగా చెప్పుకునేవారు. అక్కడి వాళ్లకు అది వింత కాదు.

మా ఇంటి యజమానురాలు డెబ్బై ఏళ్ల మనిషి. చుట్టుపక్కల అందరూ ఆమెను ఆయీ అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. షియాన్‌ను నాకు నిజంగా పరిచయం చేసింది ఆవిడే. చేరిన కొత్తల్లో నన్ను డ్రమ్ టవర్ వెనుక ఉన్న ముస్లిం పేటకు తీసుకుపోయి, ఒక పాత భోజనశాలలో కూర్చోబెట్టి, యాంగ్‌రౌ పావ్‌మో అనే వంటకం తినడం నేర్పించింది. ముందుగా బల్ల మీద ఖాళీ గిన్నె, అందులో అరచేతి వెడల్పున్న గట్టి రొట్టెలు పెడతారు. వాటిని తినబోయే మనిషే స్వయంగా తుంచాలి. ముక్క శనగగింజ కంటే పెద్దదిగా ఉండకూడదు. నేను గబగబా తుంచి పక్కన పెట్టబోతే ఆవిడ నా గిన్నెలోకి తొంగిచూసి, "ఇంకా చిన్నగా తుంచమ్మా. పెద్ద ముక్కలు చూశాడంటే వంటాయన నిన్ను ఊరికి కొత్త అనుకుని చారు ఎలా పడితే అలా పోస్తాడు" అంది. వేళ్లు నొప్పి పుట్టేదాకా ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ తుంచాం. ఆ తరువాత గిన్నెకు ఒక నంబరు బిళ్ల జతచేసి లోపలికి తీసుకుపోయారు. ఎవరి రొట్టె వాళ్లకే తిరిగి రావాలి కదా. గంటల తరబడి మరిగిన మేక ఎముకల చారులో ఆ ముక్కలను, మాంసాన్ని, సేమ్యాను ఉడికించి తెచ్చి, పక్కన తీపి ఊరవేసిన వెల్లుల్లి, ఎర్రటి మిరపముద్ద పెట్టారు. గిన్నెను కలిపేయకుండా ఒక అంచు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా లోపలికి తింటూ పోవాలని, కలిపితే వేడి, రుచి రెండూ పోతాయని ఆయీ చెప్పింది. గోధుమ రొట్టె, మేకమాంసం, ఇస్లాం పద్ధతి వంట, ఇవన్నీ పడమటి దారిన వచ్చినవే. ఇప్పుడు షియాన్ మనిషి పరదేశంలో బెంగపెట్టుకునేది ఆ గిన్నె కోసమే.

ఆ వీధిలో దానిమ్మరసం, పనసతొనల రంగులో నూనెలో వేగే పెర్సిమన్ పండు అప్పాలు, రేగుపళ్లు కలిపి ఆవిరిపై వండిన జిగురుబియ్యం, బింగ్‌ఫెంగ్ అనే నారింజ సోడా, అన్నీ దొరికేవి. నాకు అన్నిటికంటే దగ్గరైంది మాత్రం మిరపనూనె. అరచేతి వెడల్పున్న పొడుగాటి నూడుల్స్‌ను ఉడికించి, పైన మిరపపొడి, వెల్లుల్లి, ఉల్లికాడలు చల్లి, పొగలు కక్కే నూనెను గరిటెతో పోస్తే వచ్చే చుయ్యిమనే చప్పుడు అచ్చంగా మన ఇళ్లలో తాళింపు చప్పుడే. షియాన్ ఉన్న షాన్షీ ప్రాంతపు వింతలను వరుసగా చెప్పే పాత సామెతల్లో, అక్కడ మిరపకారమే ఒక కూర అన్న మాట కూడా ఉంది. గుంటూరు కారంతో పెరిగిన మనిషికి ఆ ఊరు పరాయిదిగా ఎంతకాలమని అనిపిస్తుంది?

ఆ పేటలోనే సందులో సందు తిరిగితే పెద్ద మసీదు వస్తుంది. 742లో స్థాపించారని అక్కడివాళ్ల నమ్మకం, ఇప్పుడు కనిపించే కట్టడాల్లో ఎక్కువ మింగ్ కాలానివి. గుమ్మటం లేదు, మన కళ్లకు అలవాటైన మినార్లు లేవు. ఒకదాని వెనుక ఒకటిగా అయిదు ప్రాంగణాలు, చెక్క తోరణాలు, వంపు తిరిగిన పైకప్పులు, మినార్ స్థానంలో ఎనిమిది మూలల చైనా మంటపం ఉంటాయి. ప్రార్థన మందిరం లోపలి చెక్కపలకల మీద ఖురాన్ మొత్తాన్ని చెక్కారు. ముస్లిమేతరులు లోపలికి పోకూడదు కనుక నేను గుమ్మం ఇవతలి నుంచే చూశాను. ముసలివాళ్లు తెల్లటోపీలతో చెట్ల నీడన కూర్చుని షాన్షీ యాసలో మాట్లాడుకుంటూ ఉండేవారు.

ఇక హుయన్ త్సాంగ్ సంగతి. బడిలో చదువుకున్నప్పుడు ఆయన మన పాఠ్యపుస్తకంలో ఒక పేరా. షియాన్‌లో ఆయన కోసమే కట్టిన గోపురం దక్షిణ దిక్కున రోజూ కనిపించేది. సుమారు 629లో బయలుదేరి, ఎడారులు దాటి, భారతదేశమంతా తిరిగి, 645లో 657 గ్రంథాలతో ఆయన చాంగాన్‌కు తిరిగి వచ్చాడు. యువరాజు తన తల్లి జ్ఞాపకార్థం కట్టించిన దాచియన్ ఆలయంలో ఉంటూ అనువాదాలు చేశాడు. ఆ గ్రంథాలను దాచడానికి 652లో కట్టినదే పెద్ద అడవిబాతు గోపురం. కట్టేటప్పుడు ఆయన తానే ఇటుకలు మోశాడని జీవితచరిత్రలో ఉంది. అయిదంతస్తులుగా మొదలై, సామ్రాజ్ఞి వూ కాలంలో, 704 ప్రాంతంలో తిరిగి నిర్మాణమై, ఇప్పుడు ఏడంతస్తులతో 64 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. 664లో కన్నుమూసేలోపు ఆయన, ఆయన బృందం కలిసి అనువదించినవి 75 గ్రంథాలు, 1335 సంపుటాలు.

నా మనసును పట్టుకున్నది ఈ అంకెలు కావు. ఆయన మన వేంగికి వచ్చాడు, అక్కడి నుంచి ధాన్యకటకానికి వచ్చాడు. తూర్పు కొండ మీద పూర్వశైల, పడమటి కొండ మీద అపరశైల విహారాలు ఉన్నాయని, చాలావరకు పాడుబడ్డాయని రాశాడు. అక్కడ ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు ఉండి మహాసాంఘికులనే బౌద్ధ శాఖవారి అభిధర్మ శాస్త్రాలు చదువుకున్నాడు, తాను మహాయాన శాస్త్రాలను వాళ్లకు చెప్పాడు. ధాన్యకటకం మన అమరావతి ప్రాంతమేనని చరిత్రకారుల్లో చాలామంది మాట. కృష్ణ ఒడ్డున కూర్చుని పాఠం విన్న మనిషి ఈ ఊరికి తిరిగి వచ్చి, ఈ ఆవరణలో దీపం పెట్టుకుని రాత్రిళ్లు రాసుకున్నాడన్న ఊహతో నేను ఆ గోపురం మెట్లు ఎక్కాను. పై అంతస్తులో నాలుగు దిక్కులా నాలుగు కిటికీలు ఉన్నాయి. నైరుతి దిక్కు చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, వెనుక వచ్చిన బడిపిల్లలు మర్యాదగా పక్కకు జరగమన్నారు.

శిలాశాసనాల వనం అని పేరున్న మ్యూజియం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 1087లో మొదలైన ఈ సేకరణలో కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలను 837 నాటికి చెక్కిన 114 రాతిపలకలు ఉన్నాయి. అచ్చుపుస్తకాలు ఇంకా వ్యాపించని కాలంలో పరీక్షలకు చదివేవాళ్లు తప్పొప్పులు సరిచూసుకునేది వాటి దగ్గరే. పక్క గదిలో 781 నాటి నెస్టోరియన్ క్రైస్తవుల శాసనం ఉంది. 635లోనే చాంగాన్‌కు క్రైస్తవ సన్యాసి వచ్చాడని చెప్పే ఆ రాతి మీద చైనా లిపితో పాటు సిరియాక్ లిపి కూడా ఉంది. మట్టిసైన్యం గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన ఆ సైనికులను మా ఇంటికి వచ్చిన చుట్టాలందరితోనూ వెళ్లి చూశాను. ఒకరి ముఖం మరొకరికి లేదనే అనిపించింది.

2010లో వేగరైలు మార్గం తెరుచుకున్న తరువాత లోయాంగ్ షియాన్‌కు రెండు గంటల లోపు దూరమైంది. లోయాంగ్‌లో యీ నది గట్టున లుంగ్‌మెన్ గుహలు ఉన్నాయి. ఉత్తర వేయ్ పాలకులు 493 ప్రాంతంలో రాజధానిని ఇక్కడికి మార్చినప్పటి నుంచి తరతరాలుగా సున్నపురాతిని తొలిచి దాదాపు లక్ష విగ్రహాలు చెక్కారు. వాటిలో 675లో పూర్తయిన వైరోచన బుద్ధుడి ఎత్తు 17 మీటర్లకు పైమాటే. సామ్రాజ్ఞి వూ తన అలంకరణ ఖర్చుల నుంచి ఇరవై వేల కట్టల నాణేలు దీనికి ఇచ్చిందని శాసనం చెబుతుంది. ఆ ముఖం ఆవిడదేనని జనం నమ్మకం. అదే కొండలో తలలు లేని చిన్న బుద్ధులను చూసినప్పుడు మాత్రం గుండె కలుక్కుమంటుంది. 20వ శతాబ్దపు తొలి సగంలో దొంగలు పెళ్లగించి అమ్ముకున్న శిల్పాల్లో ఒక గుహలోని చక్రవర్తి ఊరేగింపు ఇప్పుడు న్యూయార్క్‌లోనూ, రాణి ఊరేగింపు కాన్సస్ సిటీలోనూ ఉన్నాయి. ఊరికి తూర్పున శ్వేతాశ్వ ఆలయం ఉంది. తెల్లగుర్రం మీద సూత్రాలు తెచ్చిన కశ్యప మాతంగుడు, ధర్మరత్నుడు అనే భారతీయ భిక్షువుల సమాధులు ఆ ఆవరణలోనే ఉన్నాయని సంప్రదాయం. 2010లో మన రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన సాంచి తరహా మందిరం కూడా అక్కడ ఉంది. భోజనానికి అక్కడి ప్రసిద్ధమైన నీటి విందు తిన్నాం. మొత్తం ఇరవై నాలుగు వంటకాలు, అందులో చాలావరకు చారు రకాలే. సన్నగా తరిగిన ముల్లంగితో చేసి, పైన గుడ్డుతో పియోనీ పువ్వు అమర్చిన చారు ఆ విందుకు పెద్దమ్మ.

చెంగ్డుకు అప్పట్లో వేగరైలు లేదు. చిన్‌లింగ్ పర్వతాల సొరంగాల గుండా రాత్రంతా ప్రయాణించాలి. తెల్లారేసరికి గోధుమచేలు పోయి వరిమళ్లు, వెదురుపొదలు, తేమగాలి వచ్చాయి. ఆ పచ్చదనానికి కారణమైన దుజియాంగ్‌యాన్ అనే పాత సాగునీటి ఏర్పాటును చూడటానికి ప్రత్యేకంగా వెళ్లాను. ధవళేశ్వరం ఆనకట్ట కింద పారే కాలువల మధ్య పుట్టి పెరిగినదాన్ని కనుక నాకు అది తీర్థయాత్ర లాంటిదే. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి, నదికి అడ్డంగా ఆనకట్ట కట్టకుండానే, ప్రవాహం మధ్యలో చేపమూతి ఆకారపు గట్టు వేసి మిన్ నదిని రెండుగా చీల్చాడు. వెదురుబుట్టల్లో రాళ్లు నింపి గట్టు కట్టారు. మందుగుండు లేని ఆ కాలంలో కొండరాయిని మంటతో కాల్చి, నీళ్లు పోసి పగలగొట్టి కాలువకు దారి చేశారు. ఇసుకమేటలు లోతుగా తవ్వండి, గట్టు ఎత్తు పెంచకండి అన్న ఆనాటి సూత్రమే నేటికీ నిర్వహణకు ఆధారం. రెండు వేల రెండు వందల ఏళ్లుగా ఆ నీళ్లు పొలాలకు పారుతూనే ఉన్నాయి.

ఊళ్లో పీపుల్స్ పార్కు టీ అంగడిలో వెదురుకుర్చీల మీద మూతగిన్నెల్లో టీ పెట్టుకుని జనం పూటంతా గడిపేస్తారు. తిండి విషయంలో చెంగ్డు నా గర్వాన్ని కొంత అణచింది. మాపో టోఫులో కారానికి నేను వెరవలేదు గానీ, హువాజియావ్ అనే సిచువాన్ మిరియాల గింజలకు నాలుక, పెదవులు మొద్దుబారి చాలాసేపటిదాకా మంచినీళ్ల రుచి కూడా తెలియలేదు. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి సముద్రం మీద వచ్చి అటు సిచువాన్‌లోనూ ఇటు ఆంధ్రదేశంలోనూ స్థిరపడింది. దాన్ని ఇంతగా తమ సొంతం చేసుకున్న ఆ రెండు ప్రాంతాల వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది చువాన్‌జౌ. సాంగ్, యువాన్ వంశాల కాలంలో ప్రపంచంలోని పెద్ద ఓడరేవుల్లో ఒకటైన ఆ ఊరిని అరబ్బులు జైతూన్ అన్నారు. నేను వెళ్లేనాటికి అది ఇంకా యునెస్కో జాబితాలో చేరలేదు, ఆ గౌరవం 2021లో దక్కింది. పొద్దున్నే వెంట్రుకల్లాంటి సన్నని సేమ్యాతో చిక్కగా కాచిన జావలో ఇష్టమైన మాంసం, చేప ముక్కలు వేయించుకుని, వేయించిన పిండికాడను ముంచుకుని తింటారు. ముత్యపుచిప్పల్లోని మాంసంతో వేసే అట్టు కూడా అక్కడ ప్రసిద్ధి. ఆ చిప్పలు తిండికే కాదు, వంతెన కట్టడానికి కూడా పనికొచ్చాయి. 1053 నుంచి 1059 వరకు ఊరికి ఈశాన్యంగా సముద్రపు పాయ మీద కట్టిన లోయాంగ్ వంతెన (ఇందాకటి లోయాంగ్ నగరం వేరు) పునాదుల్లో రాళ్ల మీద ఆ జీవులను పెంచారు. అవి అతుక్కుని పెరిగి రాళ్లన్నిటినీ ఒకటిగా బిగించాయి. నీళ్లు తీసిన వేళ వంగి చూస్తే రాతి పడవల్లాంటి ఆ స్తంభాల అడుగున తెల్లని పెంకులు కనిపిస్తాయి.

దగ్గరలోనే షున్‌పు అనే బెస్తవాడ ఉంది. అక్కడి పాత ఇళ్ల గోడలు ఆ పెంకులతోనే కట్టినవి. ఆడవాళ్లు ముసలితనంలో కూడా కొప్పు చుట్టూ వలయాలుగా పూలదండలు పెట్టుకుంటారు. చిప్పలు పగలగొట్టి మాంసం తీస్తున్న ఒక పెద్దావిడ నా జడను, అందులో పూలు లేకపోవడాన్ని చూసి, తడిచేతులు చెంగుకు తుడుచుకుని తన దండలో నుంచి మల్లెల లాంటి తెల్లపూలు కొన్ని తీసి నా జడలో గుచ్చింది. మా అమ్మమ్మ తరువాత పరాయి ఊళ్లో అంత చొరవగా నా తలలో పూలు పెట్టిన మనిషి ఆవిడే.

చువాన్‌జౌలోని కైయువాన్ బౌద్ధ ఆలయం 686లో వెలసింది. ముందు ఆవరణలో 13వ శతాబ్దపు రెండు రాతి గోపురాలు ఉన్నాయి. పడమటి గోపురం మీద చెక్కిన వానర వీరుడిలో కొందరు పండితులు హనుమంతుడి ఛాయను చూస్తారు. యాత్రికులు అక్కడ, ప్రధాన మందిరంలోని బుద్ధుల ముందు ఆగి వెళ్లిపోతారు. నేను మందిరం చుట్టూ తిరిగి వెనుక వసారాలోకి వెళ్లాను. అక్కడ పచ్చటి ఛాయ గల రాతితో చేసిన, పదహారు పలకల రెండు స్తంభాలు ఉన్నాయి. వాటి మీద గుండ్రటి చట్రాల్లో బొమ్మలు. దగ్గరకు వెళ్లి చూస్తే ఒకదానిలో హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న నరసింహుడు, ఒకదానిలో మద్దిచెట్లను కూల్చే బాలకృష్ణుడు, మరొకదానిలో గజేంద్రమోక్షం. చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యం నోటికి వచ్చేసింది. ఊపిరాడనంత సంతోషంతో ఆ రాయిని తాకబోయి, తాకవద్దన్న బోర్డు చూసి చేయి వెనక్కి తీసుకున్నాను.

ఆ స్తంభాలు ఆ ఊళ్లో ఒకప్పుడున్న హిందూ ఆలయానివి, తరువాతి కాలంలో బౌద్ధ మందిరాన్ని బాగుచేసినప్పుడు ఇక్కడికి చేరాయి. ఆలయం కట్టుకున్నది తమిళ వర్తకులు. 1281లో శివుణ్ణి ప్రతిష్ఠించినట్టు తమిళంలో చెక్కిన శాసనం కూడా ఆ ఊళ్లో దొరికింది, దాని చివర చైనా లిపిలో ఒక వరుస ఉంది. మన తీరానికీ ఆ రేవుతో సంబంధం లేకపోలేదు. అదే శతాబ్దంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్రవర్తకులకు అభయశాసనం వేయించాడు. చువాన్‌జౌలో ఓడ ఎక్కి స్వదేశానికి మళ్లిన మార్కోపోలో రాతల్లో మోటుపల్లి ముత్‌ఫిలి పేరుతోనూ, దాన్ని పాలించే రాణి మంచితనం పొగడ్తతోనూ కనిపిస్తుంది.

1357 నుంచి దాదాపు పదేళ్లు సాగిన తిరుగుబాటులో ఆ ఊళ్లోని విదేశీయుల వాడలు నాశనమయ్యాయి. గుళ్లు, సమాధుల రాళ్లు కోటగోడల్లోకి, వంతెనల్లోకి పోయాయి. 20వ శతాబ్దంలో ఆ గోడలు పడగొట్టినప్పుడు బయటపడ్డ అరబ్బీ, తమిళ, సిరియాక్ రాళ్లను వూ వెన్‌లియాంగ్ అనే బడిపంతులు తన జీతం డబ్బుతో కొని, మోయించి, ఇంట్లో దాచాడు. ఆయన లేకపోతే అవి పునాదిరాళ్లుగా పోయేవి. ఇప్పుడు ఊళ్లోని సముద్రయాన చరిత్ర మ్యూజియంలో వాటిని చూడవచ్చు. శివలింగానికి పూవు సమర్పించే ఏనుగు శిల్పం కూడా అక్కడే ఉంది.

మన వాళ్లు ఇప్పుడు చదువులకు, వ్యాపారాలకు చైనాకు బాగా వెళ్తున్నారు. దక్షిణ తీరానికి వెళ్లేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. షియామెన్ దాకా పోయినవాళ్లు రైల్లో మరికాస్త దూరం పోయి చువాన్‌జౌలో దిగండి. కైయువాన్ ఆలయంలో బుద్ధుడికి దణ్ణం పెట్టుకున్నాక వెనుక తలుపు వైపు వెళ్లమని ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. మందిరాన్ని చుట్టి వెనుక వసారాకు వెళ్లండి, మధ్య ద్వారానికి రెండు పక్కలా ఆ స్తంభాలు ఉంటాయి. పిల్లలు వెంట ఉంటే గజేంద్రుడు ఏ చట్రంలో ఉన్నాడో వాళ్లనే వెతకమనండి.